మా ఇంటికి కారం ప్యాకెట్టు వచ్చిన నెల

ఆ రోజుల్లో జీతమంటే గోధుమరంగు కవరు. బ్యాంకులో పడటాలూ, ఫోను టింగుమనటాలూ ఇంకా రాలేదు. నెల మొదట్లో హెడ్మాస్టరు గది ముందు వరసగా నిలబడి, సంతకం పెట్టి కవరు పుచ్చుకుని, హ్యాండుబ్యాగు అడుగున దాచి, ఇల్లు చేరేదాకా ఆ బ్యాగును చంటిపిల్లలా పొదువుకుని నడిచేవాళ్ళం. ఇంటికి రాగానే ఆ కవరు అమ్మ చేతికి పోయేది. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుగా కొత్తగా చేరాను. డిగ్రీ ఫస్టు క్లాసు (ఈ సంగతి అప్పట్లో రోజుకు ఒక్కరికైనా చెబితే గాని నాకు అన్నం సయించేది కాదు). పిల్లలకు చక్రవడ్డీ నేర్పే మనిషిని, నా జీతంలోంచి నాకు జడపిన్నులు కొనుక్కోవాలంటే అమ్మను అడగాలి. అడిగితే అమ్మ ఇచ్చేది, కాదనను. కాకపోతే ఇచ్చేటప్పుడు "మొన్నేగా కొన్నావు" అనేది. ఆ మాట ఇరవై రెండేళ్ళ గ్రాడ్యుయేటుకు ఎంత బాధగా ఉంటుందో గ్రాడ్యుయేట్లకే తెలుసు.

ఒకరోజు భోజనాల దగ్గర తెగించి అనేశాను, ఇక నుంచి నా జీతం నా దగ్గరే ఉంచుకుంటానని. నాన్న పళ్ళెంలోకి చూస్తూ మజ్జిగ కలుపుకున్నాడు. ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. మిల్లులో బేళ్ళ లెక్క ఆయనది, ఇంట్లో లెక్క అమ్మది, మధ్యలో తలదూర్చటం ఆయనకు ఎప్పుడూ అలవాటు లేదు. అమ్మ కోప్పడుతుందనుకున్నాను గాని కోప్పడలేదు. డబ్బు ఉంచుకోవటం తెలియాలంటే ముందు ఖర్చు పెట్టటం తెలియాలంది. ఒక నెల ఇల్లు నడిపి చూపించమంది. నాన్న జీతం మొత్తం నా చేతికిస్తుంది, నెలాఖరు దాకా అందులోనే సరిపెట్టాలి, ఆమెను పైసా అడగకూడదు, నా కవరు కూడా తెరవకూడదు. నెగ్గితే నా కవరు ఎప్పటికీ నాదే. నెగ్గకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. నెల మాత్రం నన్నే ఎంచుకోమంది. నేను క్షణం కూడా ఆలోచించకుండా ఫిబ్రవరి అన్నాను. రోజులు తక్కువ, జీతం అదే. ఇంత చిన్న విషయం అమ్మకు తట్టలేదే అని లోలోపల మురిసిపోయాను. అమ్మ మాత్రం "ఫిబ్రవరేనా? సరే" అని లేచి గిన్నెలు సర్దుకుంది. ఆ "సరే"లో ఏదో ఉందని ఇప్పుడైతే కనిపెడతాను.

నెల మొదలవగానే కోతలు మొదలుపెట్టాను. పాలు సగానికి సగం చేసి, కాఫీ పొద్దునపూట ఒక్కసారే అన్నాను. పేపరు మాన్పించి, కావాలంటే నాన్న మిల్లులో చదువుకోవచ్చని తీర్మానించాను. పూలమ్మిని ఇక శుక్రవారాలు మాత్రమే రమ్మన్నాను. నాన్న చొక్కాలు ఇస్త్రీకి వేయటం దండగని నేనే చెంబులో నిప్పులు పోసి రుద్దాను (ఒక చొక్కా జేబు మీద ఆ చెంబు అడుగు ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది). రెండు వారాలు గడిచేసరికి చేతిలో చాలానే మిగిలింది. నా కవరు తెరవకుండా నా పెట్టెలో, చీరల మడతల మధ్య ఉంది. రోజుకోసారి పెట్టె తెరిచి దాన్ని చూసుకుని మూసేదాన్ని. ఇంట్లో లెక్క ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. పాలబ్బాయి, పూలమ్మి, ఇస్త్రీ అతను మా ఇంటి నుంచి తిన్నగా పక్కింటికే వెళతారన్న సంగతి నాకు ఏ లెక్కల పుస్తకమూ చెప్పలేదు.

అప్పుడొచ్చాడు మిరపకాయల మామయ్య. నాన్నకు వరసకు బావ, పల్లెటూళ్ళో రెండెకరాల మిరప వేస్తాడు. ఏటా రెండో కోత కాయలోంచి మా ఇంటి ఏడాది కారానికి సరిపడా ఏరి, గోతాంలో కట్టి, బస్సు మీద వేసుకుని తెస్తాడు. కోత కూలీలకు ఇవ్వాలి గనక డబ్బు అప్పటికప్పుడు పట్టుకెళతాడు. అది ఫిబ్రవరిలో జరుగుతుందని నాకు తెలియదా అంటే తెలుసు. పుట్టినప్పటి నుంచీ తుమ్ముతూనే ఉన్నాను. కాని ఆ తుమ్ముల వెనక ఓ ఖర్చుందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. అమ్మ మామయ్యకు మంచినీళ్ళిచ్చి, "ఈ నెల ఇల్లు దాని చేతిలో ఉందన్నయ్యా, దాన్నడుగు" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

మామయ్య గోతాం మూతి విప్పి ఒక కాయ విరిచి చూపించాడు. ఈ ఏడు రంగు బాగా వచ్చిందన్నాడు, తెల్లబారిన తాలుకాయ ఒక్కటి ఉంటే చూపించమన్నాడు. ధర విన్నాక నా మిగులంతా పోగా ఇంకా కొంత కావాలని క్షణంలో తేలింది. నెమ్మదిగా, లెక్కల టీచరు గొంతుతో, వచ్చే నెల తీసుకుంటాం మామయ్యా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వచ్చే నెలకి ఇది గుంటూరు యార్డుకి పోద్దమ్మా, మనకోసం కూర్చుంటదా?" అని గోతాం మూతి కట్టుకుని, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా గోతాం ఆయన భుజం మీదే ఉంది. మా ఇంటికొచ్చిన కాయ తిరిగి వెళ్ళటం వీధి మొత్తం చూసింది.

నాలుగో రోజుకు కారం డబ్బా అడుగంటింది. కొట్టుకెళ్ళి కారం ప్యాకెట్టు ఇమ్మన్నాను. కొట్టు బాబాయి ఎవరికమ్మా అన్నాడు. మాకేనన్నాను. హాస్టలు పిల్లలకా అన్నాడు. కాదు, మా ఇంటికేనన్నాను. ఆయన ప్యాకెట్టును కాగితంలో చుట్టి మరీ ఇచ్చాడు, ఎవరి కంటా పడకూడదన్నట్టు. చుట్టూ ఎటు చూసినా ఎర్రటి కల్లాలున్న ఊళ్ళో ప్యాకెట్టు కారం కొనటమంటే, పాడి ఉన్న ఇంట్లో పాలపొడి కలుపుకోవటమే. ఆ సాయంత్రం నాన్న పప్పు నాలుక మీద వేసుకుని, ఇదేం కారమని అడక్కుండా, ఊరగాయ వేసుకుని తినేశాడు. అడిగినా బాగుండేది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. అంతకు ముందు ఏడు మా చుట్టుపక్కల పత్తి పోయింది. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఐపీ పెట్టారు. అంటే అప్పులు కట్టలేమని కోర్టులో కాగితం పడేసి చేతులెత్తేశారు. అందరూ రాత్రికి రాత్రి మునిగినట్టు కనిపించినా, ముందు కొన్నాళ్ళపాటు ఇంట్లో పాలు తగ్గించారనీ, పేపరు మాన్పించారనీ జనం తర్వాత జ్ఞాపకం చేసుకున్నారు. రెండోది, మా అమ్మ వీధిలో ఆడవాళ్ళతో చీటీ కట్టిస్తుంది. నెలనెలా అందరూ వేస్తారు, పాట పాడినవాళ్ళు మొత్తం తీసుకుంటారు. దానికి కాగితమూ లేదు, సంతకమూ లేదు. అమ్మ మాటే పూచీ.

ఆదివారం పూట ముగ్గురు వచ్చారు. ముందు ఎదురింటి అత్తయ్య, వెనక మరో ఇద్దరు చీటీవాళ్ళు. కాసేపు ఎండలు ముదిరాయన్నారు, మల్లెలు ఇంకా రాలేదన్నారు. తర్వాత ఎదురింటి అత్తయ్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఏమనుకోవద్దు వదినా, మా అబ్బాయికి ఫీజు కట్టాలి. ఇప్పటిదాకా కట్టింది వెనక్కిస్తే, ఈ చీటీ ఇంక మానుకుంటాను" అంది. ఆమె కళ్ళు మాత్రం నాన్న నలిగిన చొక్కా మీదున్నాయి. మిగతా ఇద్దరూ నేలచూపులు చూస్తున్నారు. నాకు అప్పుడు అర్థమైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నేను మిగిల్చిన డబ్బు అమ్మ మాటను మింగేస్తోంది. ఈమె నోట ఈ మాట వీధి దాటితే రేపటికి చీటీలోవాళ్ళంతా గుమ్మంలో ఉంటారు.

అమ్మ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. అలాగే వదినా, దానికేముంది అంటూ లోపలికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. బీరువాలో ఉన్నది తీసి లెక్కపెట్టింది. నేను మిగిల్చినదీ తెచ్చి కలిపాను. ఇంకా చాలలేదు. అమ్మ నన్ను ఏమీ అడగలేదు, నా పెట్టె వైపు కూడా చూడలేదు, ఊరికే నిలబడి ఆలోచిస్తోంది. నేను పెట్టె తెరిచి, అన్నాళ్ళూ తెరవని కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో అది నా జీతమని కూడా నాకు గుర్తు లేదు.

అమ్మ బయటికొచ్చి, ఎదురింటి అత్తయ్య చేతిలో మొత్తం పెట్టి, లెక్క చూసుకోమంది. తర్వాత మిగతా ఇద్దరి వైపు తిరిగి, "మీకూ కావాలా? మొహమాటం ఏం వద్దు, ఇప్పుడే చెప్పండి, ఇస్తాను" అంది. బీరువాలో నాన్న చొక్కాలు తప్ప ఇంకేమీ లేవని నాకూ అమ్మకూ మాత్రమే తెలుసు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అబ్బే, మేం ఊరికే తోడొచ్చాం అన్నారు. అమ్మ నన్ను పిలిచి అందరికీ కాఫీ పెట్టమంది. చిక్కగా పెట్టమని కూడా అంది. మర్నాటికి ఉంచిన పాలు కూడా కలిపేసి పెట్టాను.

మర్నాడు తెల్లవారుజామున నాన్న మొదటి బస్సుకు వెళ్ళి మామయ్యను బతిమాలి, సొమ్ము వచ్చే జీతంలో ఇస్తానని ఒప్పించి, కాయ తెచ్చాడు. అమ్మ చెప్పినట్టే, ఎప్పుడూ తెచ్చేదానికి రెట్టింపు. ఇంత ఎవరు తింటారే అని నాన్న గొణిగితే, తినటానిక్కాదు, మీరు ఊరుకోండి అంది అమ్మ. గోనెపట్టాలు పరిచి, ఇంటి ముందు నుంచి దాదాపు వీధి మధ్యదాకా కాయ ఎండబోసింది. పొద్దెక్కేసరికి వీధి వీధంతా తుమ్ములు. తొడిమలు తీయటానికి ఎప్పటిలాగే ఆడవాళ్ళొచ్చి చుట్టూ కూర్చున్నారు, ఎదురింటి అత్తయ్యతో సహా. తుమ్మినవాళ్ళల్లా అబ్బ, ఏం ఘాటు వదినా అంటున్నారు. ఎదురింటి అత్తయ్య నాలుగు కాయలు తొడిమలు తీసి, మళ్ళీ చీటీలో చేరొచ్చా అని నెమ్మదిగా అడిగింది. అమ్మ తల ఎత్తకుండా, ఇది అయిపోనీ, వచ్చే చీటీలో చూద్దామంది.

నెలాఖరున లెక్క చూస్తే నేను ఓడిపోయానని వేరే చెప్పక్కర్లేదు. చేతిలో ఏమీ లేదు సరికదా మామయ్యకు బాకీ. మార్చి కవరు తెచ్చి, అమ్మ ముందు పెట్టి వెళ్ళబోయాను. అమ్మ దాన్ని తిరిగి నా వైపు జరిపింది.

"నువ్వే ఉంచుకో. అడగకుండానే ఇస్తావని తెలిసిందిగా, ఇంక నా దగ్గరెందుకు?"

అంత గొడవ చేసి అడిగినదాన్ని, చేతికొచ్చాక ఏం చెయ్యాలో తోచక ఆ కవరు పట్టుకుని చాలాసేపు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇప్పుడు మా బడిలో కొత్తగా చేరిన పంతులమ్మలు నా దగ్గరకొచ్చి, జీతంలో ఎంత దాచాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని అడుగుతుంటారు. నేను పెద్దదాన్ని కదా, కళ్ళజోడు సవరించుకుని శాతాలతో సహా చెబుతాను, వాళ్ళు ఫోన్లలో రాసుకుంటారు. వాళ్ళు వెళ్ళాక ఆ గుమ్మంలో నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. దానికి శాతాలన్నీ వచ్చు పాపం, ఆ పూట అమ్మ తనకు ఇచ్చింది జీతం ఒక్కటే అనుకుంది.