తల్లి ఉన్న పిల్ల

మాకు పిల్లలు లేరు. దత్తతకు దరఖాస్తు పెట్టుకుని మూడేళ్లు ఎదురుచూశాం. అప్పుడు ఒడిశాలో కోరాపుట్‌లోని పిల్లల సంరక్షణ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. నారాయణపట్న దగ్గరి ఊరి పిల్ల, ఏడేళ్లది, కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకుంటారా అని. తండ్రి పోయాడు. తల్లి క్షయతో ఆసుపత్రిలో ఉంది.

అక్కడి అధికారిణి మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో నిదానంగా చెప్పింది. "ఇది దత్తత కాదు. తల్లికి నయమైతే పిల్లను పంపెయ్యాలి. అది తెలిసే సంతకం చెయ్యండి."

చేశాం. తెలిసే చేశానని మాత్రం ఇప్పుడు చెప్పలేను.

మాచ్‌ఖండ్‌లో మాది జలవిద్యుత్ ప్రాజెక్టు క్వార్టరు. వచ్చిన కొత్తలో పిల్ల సగం అన్నం తిని, మిగతాది గిన్నెలో మూతపెట్టి దాచేది. ఎందుకంటే "అమ్మకి" అనేది. నేను వద్దనలేదు. కొన్ని వారాలకు తనే మానేసింది. అది చూసి లోలోపల సంతోషించాను. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

ఒకరోజు జడ వేస్తుంటే, "నిన్ను అమ్మా అననా?" అంది.

ఎన్నేళ్లుగానో వినాలనుకున్న మాట. దువ్వెన ఆగిపోయింది.

"నీకు అమ్మ ఉంది కదమ్మి. నన్ను పెద్దమ్మా అను."

మా ఆయన గుమ్మంలోంచి విన్నారు. "మంచి పని సేసేవు" అన్నారు, నా మొహం చూడకుండా.

తొమ్మిది నెలలకు తల్లికి నయమైందని కబురొచ్చింది. పిల్లను తీసుకెళ్తే ఆ కార్యాలయంలోనే ఆమె కనిపించింది. భుజం మీద చీర నిలవనంత సన్నగా ఉంది. పిల్ల గుర్తుపట్టింది, అయినా నా వెనక్కి జరిగింది. ఆమె పిలవలేదు. నేల మీద కూర్చుని, నాతో అంది, "బాగా పొడుగయ్యింది."

పిల్ల చెయ్యి పట్టుకెళ్లి ఆమె పక్కన కూర్చోబెట్టాను. నేనూ కూర్చున్నాను.

"ఏడిసేదా?" అని ఆమె అడిగింది.

"మొదట్లో ఏడిసేది. నిన్నే అడిగేది."

'మొదట్లో' అనకుండా ఉండాల్సింది. ఆమె తలదించుకుంది. కాసేపటికి పిల్ల మెల్లగా జరిగి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. అప్పుడు లేచి బయటికొచ్చేశాను.

ఇప్పుడు ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్‌లోంచి పిల్ల అప్పుడప్పుడు మాట్లాడుతుంది, బడి గురించి, తల్లి కొన్న మేకపిల్ల గురించి. మా దరఖాస్తు ఇంకా వరుసలోనే ఉంది. మొన్న కార్యాలయం వాళ్లు ఇంకో పిల్లను ఉంచుకుంటారా అని అడిగారు. ఒక నెల గడువు అడిగాం.