అమర్‌సింగ్ ఉకులేలేకి ఐదు కారణాలు

అమర్‌సింగ్‌ను "ఉకులేలే ఎందుకు వాయిస్తవు?" అని అడిగితే, ఒకరికి చెప్పిన కారణం ఇంకొకరికి చెప్పడు. మనిషికో కారణం. అడిగినవాళ్లు పదిమందైతే కారణాలు కూడా పదే. ఇంత నిమ్మళంగా అబద్ధాలు చెప్పే మనిషిని మా చెల్పూర్ కరెంటు ప్లాంటు కాలనీలో నేను ఇంతవరకు చూడలేదు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు అతనంటే కుళ్లు. దాచుకోవడానికేం లేదు, కాలనీ మొత్తానికి తెలుసు.

నా పేరు భాస్కర్. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్‌ని. నా దగ్గర గిటారుంది. పద్నాలుగేళ్లలో కాలనీలో నలభై ఒక్క రిటైర్‌మెంట్ ఫంక్షన్లు జరిగితే, నలభై ఒక్కదానిలోనూ వాయించింది నేనే. వేరే ఎవరికీ రాదు కాబట్టే పిలిచారని మా ఆవిడ సరోజ అంటుంది. ఏదైతేనేం, రిటైరయ్యే మనిషికి దండ పడ్డాక, గోడ గడియారం చేతికిచ్చాక, "ఇగ భాస్కర్ సార్ పాట" అని మైకులో వినిపించేది. ఆ ఒక్క మాట కోసం నెల ముందు నుంచే తీగలు మీటడానికి కుడిచేతి గోళ్లు పెంచేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో, బొగ్గు మోసే బెల్టు మీద పనిచేయడానికి మానుకోట దగ్గరి తండా నుంచి అమర్‌సింగ్ వచ్చాడు. మొదటి ఆదివారం పొద్దున్నే క్వార్టర్ మెట్ల మీద కూర్చొని టింగు టింగుమని ఏదో మీటుతున్నాడు. చూస్తే, మోచేతి పొడవుంది. నా గిటారు పొట్టలో అట్లాంటివి మూడు పడతాయి.

"ఏందిది?" అన్నాను.

"ఉకులేలే అన్నా. నాలుగే తీగలు. నైలాన్‌వి, వేళ్లు కోసుకపోవు."

"ఎన్ని కార్డ్స్ వచ్చు నీకు? తీగల మీద ఎన్ని పట్లు?"

"మూడు."

"నాకు ఇరవై రెండు."

"అబ్బో, గన్ని యాడ గుర్తుపెట్టుకుంటవన్నా?" అన్నాడు. వెటకారమైతే ఊరుకుందును. నిజంగానే అడిగాడు. అక్కణ్ణుంచి నాకు మంట మొదలైంది.

ఆ మంట ఊరికే పోలేదు. సాయంత్రమైతే అతని మెట్ల దగ్గర జనం. ఇరవై రెండు కార్డ్స్ వచ్చిన నా గుమ్మం ముందు మా సరోజ ఆరేసిన వడియాలు తప్ప ఇంకేం ఉండేది కాదు. పోనీ, అతను బ్రహ్మాండంగా వాయిస్తాడా అంటే అదీ లేదు. మూడు కార్డ్స్ అటు తిప్పి ఇటు తిప్పి, మధ్యలో ఆగిపోయి, "ఆగుండ్రి, వేలు జారింది" అని మళ్లీ మొదలుపెడతాడు. నేనెప్పుడైనా ఆగిపోయానా? ఆగను. అయినా జనం అక్కడే.

అతని గుట్టు ముందు నాకు కాంటీన్‌లో దొరికింది. కాంటీన్ నడిపే నర్సయ్య చాయ్ పోస్తూ, "పాపం అమర్‌సింగ్, బీడీలు మానాల్నని వాయిస్తున్నడట. రెండు చేతులకు పని పెడితే బీడీ యాడ పట్టుకుంటం కాకా అన్నడు" అని చెప్పాడు.

అమర్‌సింగ్ జన్మలో బీడీ ముట్టిన మనిషి కాదు. పక్కన ఎవరైనా కాలిస్తేనే దగ్గు.

ఆ వారమే డిస్పెన్సరీలో నర్సు గ్రేస్ కళ్లు తుడుచుకుంటూ, "వాళ్లమ్మ పోయినంక ఇంట్ల సప్పుడు లేదట సార్. సప్పుడు కోసం మీటుతున్న సిస్టర్ అన్నడు" అంది. నేను తిన్నగా అమర్‌సింగ్ భార్య గంగి దగ్గరికి పోయాను.

"మీ అత్త ఎప్పుడు పోయింది గంగీ?"

"యాడికి పోయింది? నిన్ననే ఫోన్ల నన్ను అరగంట తిట్టింది" అంది గంగి.

"మరి వాయించుడెందుకో నీకేం చెప్పిండు?"

"నేనైతే ఎన్నడు అడగలేదన్నా. వాయించుకోని, నాకేంది?"

మా ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దిగిపోయేవాడు లాగ్‌బుక్కులో ఆ షిఫ్టుకు సంబంధించిన మొదటి ఎంట్రీ నుంచి ఆఖరి ఎంట్రీ దాకా గట్టిగా చదవాలి. ఎక్కేవాడు విని సంతకం పెట్టాలి. ఆఖరి ఎంట్రీ వినకుండా ఎవడూ సంతకం పెట్టడు, సంతకం పడనిదే దిగేవాడు ఇంటికి పోలేడు. పద్నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? అమర్‌సింగ్ అబద్ధాలకు కూడా ఒక లాగ్ పెట్టాను. తేదీ, గంట, అడిగిందెవరు, చెప్పిందేమిటి, అన్నీ రాశాను.

మూడో ఎంట్రీ ఇంజినీర్ రక్షిత మేడమ్‌ది. జనగామ నుంచి కొత్తగా వచ్చింది, గట్టి మనిషి. ఆమె కనబడితే బెల్టు మీద బొగ్గు కూడా సర్దుకొని కూర్చుంటుందని పేరు. ఆమెతో, "ఇంటి మీద బెంగ మేడమ్. తండా యాదికొచ్చి ఏడుపొస్తది, గప్పుడు ఇది పట్టుకుంట" అన్నాడట. తండాకు నెలకు రెండుసార్లు పోయే మనిషికి బెంగేమిటి?

నాలుగోది మా ఇంట్లోనే దొరికింది. సరోజ కూడా అడిగిందట. "ఇంట్ల నా మాట ఎవ్వరు ఇనరు వదినా. గిదొక్కటే నేనెట్ల మీటితే అట్ల పలుకుతది" అన్నాడట.

నేను పడీ పడీ నవ్వాను. "గంగి గంత గట్టిదా? పాపం అమర్‌సింగ్" అన్నాను. సరోజ నావైపు అదోలా చూసి లోపలికి పోయింది. అదోలా ఎందుకు చూసిందో ఆలోచించే తీరిక నాకు లేదు, ఎంట్రీ రాసుకోవాలి.

ఆ తర్వాత కొన్నాళ్లు అమర్‌సింగ్ మెట్ల మీద సప్పుడు లేదు. అప్పుడప్పుడు వారం, పది రోజులు అట్లా ఉకులేలే కనబడకుండా పోయేది. తీగలు తెగి ఉంటాయని నేను సంబరపడేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొస్తే మా వంటింట్లోంచి టింగుమని వినబడింది.

"ఏందది?"

"మిక్సీ" అంది సరోజ.

"మిక్సీ గట్ల మోగుతదా?"

"ఖరాబైంది."

మంచి భర్తను కదా, మిక్సీని సంచిలో పెట్టుకొని భూపాలపల్లి దాకా తీసుకుపోయాను. రిపేరు షాపతను విప్పి, బిగించి, తిప్పి చూసి, "మిక్సీ మంచిగున్నది సార్, ఒకసారి మీ చెవులు చూపెట్టుకోండ్రి" అన్నాడు.

ఇంక నేనే అడుగుదామని అమర్‌సింగ్‌ను కాంటీన్ వెనక పట్టుకున్నాను. "నాతోనన్న నిజం చెప్పు. ఎందుకు వాయిస్తవు?"

అతను ఉకులేలే చంకలో పెట్టుకున్నాడు. నా మొహంలోకి నిమిషం సేపు చూశాడు. తర్వాత తలదించుకొని, "ఏమనుకోకన్నా. నీ మీద ఓర్వలేక. నువ్వు వాయిస్తుంటే అందరు చప్పట్లు కొడుతరని విన్న. కడుపుల మండింది, తిన్నది అరగలేదు. గందుకే పట్టుకున్న" అన్నాడు.

ఆహా, నాకు ఎంత హాయిగా ఉందో! ఆ పూట పెరుగన్నం మారు వడ్డించుకున్నాను.

"కావాల్నంటే ఓ వారం దినాలు తీస్కపో అన్నా" అని ఉకులేలే చేతికివ్వబోయాడు కూడా.

"నాకెందుకయ్యా పిల్ల గిటారు?" అని పెద్దమనిషిలా నవ్వి వచ్చేశాను. లాగ్ అన్నాక ఏదీ వదలకూడదు కాబట్టి, ఐదో ఎంట్రీగా అదీ రాశాను. చక్కటి చేతిరాతతో రాశాను.

ఆ హాయి రెండు రోజులే. మూడో రోజు నర్సయ్య వచ్చాడు. వచ్చే శనివారం అతని రిటైర్‌మెంట్. నలభై రెండో ఫంక్షన్. నేనప్పటికే గోళ్లు పెంచి ఉన్నాను.

"భాస్కరూ, ఏమనుకోకు. ఈపారి అమర్‌సింగ్ వాయిస్తె బాగుంటదని నా మనసుల ఉన్నది" అన్నాడు.

"వానికి మూడే వచ్చు నర్సన్నా!"

"నాకు గవే చాలు బిడ్డా."

 ఇంటికొచ్చి గోళ్లు తీసేసుకున్నాను. ఈ కాలనీలో నాకంటూ ఉన్నది ఆ ఒక్క పాట. అదీ పోతే ఇక కంట్రోల్ రూమ్‌లో మీటలు నొక్కుకుంటూ బతకడమే. సరే, వాయించనీ. కానీ వాయించేవాడు ఎంత అబద్ధాలకోరో అందరికీ తెలిశాకే వాయించాలి. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం కాంటీన్ హాలు నిండింది. దండ పడింది, గోడ గడియారం ఇచ్చారు. "అమర్‌సింగ్ పాటకు ముందు నేను రెండు ముక్కలు మాట్లాడుత" అని నేనే పోయి మైకు అందుకున్నాను.

"ఎంట్రీ ఒకటి. నవంబరు పన్నెండు, పద్నాలుగు గంటల పది నిమిషాలు. అడిగింది నర్సయ్య. కారణం: బీడీలు మానడానికి. గమనిక: అమర్‌సింగ్ బీడీ తాగడు."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గ్రేస్ సిస్టర్‌ది చదివాను, వాళ్లమ్మ బతికే ఉందని కూడా చదివాను. రక్షిత మేడమ్‌ది చదివాను. సరోజది చదివాను.  అమర్‌సింగ్ తలవంచుకొని ఉకులేలే తీగలు సవరించుకుంటున్నాడు.

నర్సయ్య దండతోనే లేచి నిలబడ్డాడు. "బీడీ ఆయనది కాదు, నాది. నలభై ఏండ్లు తాగిన. మానాల్నని ఉండె, కని మానుతున్నా అని చెప్పి మల్ల తాగితె నలుగురు నవ్వుతరని ఎవ్వలకు చెప్పలే. ఈయన వచ్చి అది తన బాధే అన్నట్టు చెప్పి, ఉకులేలే నాకిచ్చిపోయిండు. నాలుగు నెలలాయె, ముట్టలే."

గ్రేస్ సిస్టర్ కూర్చున్న చోటు నుంచే, "అమ్మ పోయింది నాకు సార్. డ్యూటీల ఏడవరాదు కదా, ఎవ్వరితోటి అనలే" అంది. రక్షిత మేడమ్ అందరివంకా ఒకసారి చూసి, "బెంగ నాదే. రేపటి నుంచి ఎవరూ అలుసు తీసుకోవద్దు" అంది.

అప్పుడు హాలులో తలలన్నీ మెల్లగా మా సరోజ వైపు తిరిగాయి. ఇంట్లో మాట వినని మనిషి ఎవరా అని అక్కణ్ణుంచి నా వైపు తిరిగాయి. నాకు మిక్సీ గుర్తొచ్చింది.

ఇక ఆగితే మంచిదని కాగితాలు మడిచి జేబులో పెట్టబోయాను. కానీ ఎదురుగా కూర్చున్నది ఎవరు? అంతా షిఫ్టుల మనుషులు.

"ఆఖరి ఎంట్రీ చదువు సార్" అన్నారెవరో వెనక నుంచి.

"గంతే, అయిపోయింది."

"కాయితం కింద ఇంకోటి కనబడుతున్నది" అంది రక్షిత మేడమ్. "ఆఖరిది చదవకుండా ఎట్ల దిగుతరు?"

సరోజ లేచి వచ్చింది. నా చేతిలోంచి కాగితం తీసుకుంది. చక్కటి చేతిరాత కదా, ఎక్కడా తడబడకుండా చదివింది. "ఎంట్రీ ఐదు. అడిగింది భాస్కర్. కారణం: ఓర్వలేక."

బీడీ ఎవరిదో, అమ్మ ఎవరి అమ్మో, బెంగ ఎవరిదో అప్పటికే అందరికీ తెలిసింది. ఇక ఓర్వలేనితనం ఎవరిదో చెప్పాలా? హాలు కప్పు లేచిపోయేట్టు నవ్వారు. నర్సయ్య మెడలో దండ ఊగిపోయింది. నేను మైకు పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. భూమి చీలితే బాగుండునని అంటారే, ఆ మాట ఎందుకంటారో ఆ నిమిషంలో తెలిసింది.

అమర్‌సింగ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "సార్లూ, నవ్వకుండ్రి. మొదటి నాలుగు నేను కల్పించినవే. అయిదోది నిజం. భాస్కరన్న అంటే నాకు కుళ్లే. నాకు మూడు కార్డ్సే వస్తయి, నర్సయ్య కాకా అడిగిన పాటకు నాలుగోది కావాలె. గది అన్న దగ్గరున్నది. ఓర్వలేనా మరి?" అన్నాడు.

ఎంత నిమ్మళంగా అబద్ధమాడతాడో చెప్పాను కదా.

ఎవరో పోయి మా ఇంటి నుంచి గిటారు తెచ్చారు. మూడు కార్డ్స్ అతను వాయించాడు. నాలుగోది రాగానే నావైపు చూసేవాడు, నేను కొట్టేవాణ్ణి. పాట మొత్తంలో నా వంతు ఏడుసార్లు వచ్చింది. ఇరవై రెండు కార్డ్స్ వచ్చినవాణ్ణి, ఒక్కదాని కోసం అంత కాచుకొని కూర్చోవడం అదే మొదలు. చప్పట్లు ఎవరికి కొట్టారో లెక్కపెట్టలేదు.

మర్నాడు చాయ్ తాగుతూ అడిగాను. "అయిందేదో అయింది. ఇప్పుడన్న అసలు సంగతి చెప్పు, ఎందుకు వాయిస్తవు?"

మళ్లీ నా మొహంలోకి నిమిషం సేపు చూశాడు.

"నాకు దోస్తులు లేరన్నా. గందుకే."

కాలనీలో సగం మంది అతని మెట్ల మీదే కూర్చుంటారు. ఆ జబ్బు ఎవరిదో ఈసారి ఎవరూ చదివి వినిపించాల్సిన పని లేకపోయింది. "ఇంకో చాయ్ తాగుదువు, కూసో" అన్నాను.

ఈ వారం ఉకులేలే మా ఇంట్లో ఉంది. ఇంట్లో కూడా షిఫ్టులు వేసుకున్నాం. పొద్దున్న నేను, మధ్యాహ్నం సరోజ. షిఫ్టు మారేటప్పుడు ఆమె ఎంతసేపు ఏం చెప్పినా, ఆఖరి ఎంట్రీ దాకా విని సంతకం పెడుతున్నాను.