గుర్రం తిన్న తర్వాతే రౌతు

ఎడారిలో బావి దగ్గర ఏడ్చిన దాసిని పేరు పెట్టి పిలిచిన దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే గల్ఫులో అల్ మవాలేలోని ఆ వంటగదిలోనే నా విశ్వాసం ఆరిపోయేది. మహిమ ఆయనకే.

రెండు వేల ఎనిమిదిలో అక్కడ ఒక జర్మన్ మేడమ్ ఇంట్లో పనిచేసేదాన్ని. ఎనభై దాటిన ఆమె తండ్రి చక్రాల కుర్చీలో ఉండేవాడు. ఆయనకు తినిపించడం నా డ్యూటీ. ఆయన ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాంటిదే కాబట్టి ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది.

చెంచా చెంచాకీ ఆ ముసలాయన తన నాన్న కథే చెప్పేవాడు. ఆ నాన్న అశ్వదళంలో జనరల్. కుర్రతనంలోనే బల్లెం పట్టి గుర్రమెక్కాడట. మొదటి ప్రపంచ యుద్ధంలో మర తుపాకుల ముందు గుర్రాలు నిలవక, కందకంలోకి దిగాడట. ఓడిపోయి వచ్చాక కొత్త అధికారులకు స్వారీ నేర్పాడు. రెండో యుద్ధంలో అశ్వదళ జనరల్ అన్న హోదా వచ్చింది గానీ, ఆయన కింద నడిచిందంతా కాల్బలమే. గుర్రాలు ఫిరంగులు లాగడానికే మిగిలాయి. హాల్లో ఆయన ఫొటో మీది దుమ్ము రోజూ తుడిచేది నేనే.

"మా నాన్న దళంలో ఒకటే నియమం," అనేవాడు ముసలాయన. "ముందు గుర్రం తినాలి. తర్వాత సిపాయి. ఆఖరున అధికారి."

ఆ ఇంట్లో అందరూ తిని, గిన్నెలన్నీ కడిగాకే నా పళ్లెం. ఆ మాట వింటూ ఆయన మూతి తుడిచేదాన్ని.

ఆకలి ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది శుక్రవారం. గల్ఫులో ఆరాధన ఆ రోజే. సంఘం వ్యాను మసీదు మలుపు దాకా వచ్చేది. అదే రోజు మేడమ్ ఇంట్లో విందు. ఆ ఇంట్లో చేరాక ఒక్కసారి కూడా ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవడానికి వెళ్లలేదు. ఆ రొట్టె లేక లోపల ఎండిపోతున్నాననిపించేది.

పక్కింట్లో పనిచేసే కడప అమ్మాయి చెత్త పారేయడానికి వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేది.

"ఏమక్కా, మీ ముసలాయప్ప గుర్రాల కత ఇంగా అయిపోలేదా? నువ్వు గూడా గుర్రమై పుట్టింటే శుక్రారం లీవన్నా దొరుకుతాండె!"

"చాల్లే, నీ నోటికి తాళం వెయ్యి," అన్నాను. కానీ మర్నాడు సూప్ తాగిస్తూ ఆయన్నే అడిగాను.

"సార్, మీ నాన్నగారి గుర్రాలకి సెలవుండేదా?"

"ఆదివారం జీను వేసేవారు కాదు. గుర్రాలు చస్తే యుద్ధం ఆగిపోతుంది."

"నేను చస్తే ఏజెంటు ఇంకోదాన్ని పంపుతాడు. అంతేగా సార్? విశ్రాంతి దినపు ఆజ్ఞ మీకూ తెలుసు కదా. అందులో పశువు కంటే ముందు దాసి ఉంది."

ఆయన చెంచా తోసేశాడు. ఆ కథలో అంతవరకూ చెప్పని ముగింపు చెప్పాడు. మంచులో శత్రువు చుట్టుముట్టాక, ఆ గుర్రాలనే కోసి సిపాయిలకు పెట్టమని జనరలే ఆజ్ఞ ఇచ్చాడట. తనూ తిన్నాడట. తర్వాత శత్రువుల చెరలోనే చనిపోయాడు. తిరిగొచ్చిన సిపాయి ఒకడు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాడట.

"నియమం మంచు పడేదాకానే," అన్నాడు ముసలాయన.

ఆ సాయంత్రం కూతుర్ని పిలిచి వాళ్ల భాషలో గట్టిగా ఏదో అన్నాడు. మేడమ్ ఎర్రబడ్డ ముఖంతో వంటగదిలోకి వచ్చింది.

"శుక్రవారం వెళ్లు. పన్నెండుకల్లా ఇంట్లో ఉండాలి."

వెళ్లాను. రొట్టె అందుకున్నాను. ఆ తర్వాత కొన్ని శుక్రవారాలు అలాగే వెళ్లాను.

ఎండలు తగ్గకముందే ముసలాయన పోయాడు. శవపేటికను జర్మనీకి పంపారు. ఆ తర్వాతి శుక్రవారం ఆరాధనకని తలమీద ముసుగు వేసుకుని గుమ్మం దాకా వచ్చాను.

"ఎక్కడికి?" అంది మేడమ్. "ఆ ఆర్డర్ మా నాన్నది. నాన్న ఇప్పుడు లేరు. మధ్యాహ్నం గెస్టులు వస్తున్నారు."

మలుపులో వ్యాను హారన్ కొట్టింది. మళ్లీ కొట్టి వెళ్లిపోయింది. ముసుగు మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి, ఉల్లిపాయలు తరిగాను. ఆ పని అయ్యాక జనరల్ ఫొటో తుడిచాను.

చనిపోయినవారి కోసం మా సంఘంలో ప్రార్థన చెయ్యరు. కాబట్టి జనరల్ కోసం గానీ, ఆయన కొడుకు కోసం గానీ మిమ్మల్ని అడగను. వచ్చే శుక్రవారం మీ ఆరాధనలో, ముసుగు మడిచి పక్కన పెట్టేసిన ఆడపిల్లల కోసం నాతో కలిసి మోకరించండి. బాధపెట్టినవాళ్ల కోసం, అంటే మేడమ్ కోసం కూడా, ప్రార్థించాలన్నది ప్రభువు ఆజ్ఞ. ఆ ప్రార్థన ఇన్నేళ్లయినా నా నోట రావడం లేదు. మీరు మొదలుపెట్టండి, ఆమేన్ అనడానికి ప్రయత్నిస్తాను.