మావగారు ఓడిపోలేని చదరంగం

పాలకొల్లులో మా మావగారి అరుగు మీద చదరంగం ఆడి గెలిచినవాళ్ళు లేరు. ఎదురింటి బ్యాంకు మేనేజరు, మందుల షాపాయన, చర్చి పాస్టరు గారు, ఎవరొచ్చినా మొహం వేలాడేసుకుని మెట్లు దిగాల్సిందే. నేను ఒక్కణ్ణే దీనికి మినహాయింపు. పెళ్ళయిన కొత్తలో మొదటి ఆటే గెలిచాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి గెలుస్తూనే వచ్చాను. రాజమండ్రిలో మా ఆఫీసులో ఈ సంగతి చెప్పి టీ తాగని రోజు లేదు.

ఓ వేసవిలో ఆవకాయ జాడీల కోసం వెళ్ళాం. ఆట మధ్యలో మంచినీళ్ళకని లోపలికి వెళ్తుంటే వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. మా ఆవిడతో అంటున్నారు.

"మీ నాన్నగారు ఇవాళ కాస్త తొందరగా ఓడిపోతే బావుణ్ణే. పులుసు చల్లారిపోతోంది."

ఒళ్ళు మండిపోయింది. మా ఆవిణ్ణి పక్కకి పిలిచి నిలదీశాను.

"ఇంటల్లుణ్ణి ఓడించి పంపిస్తారేంటండీ ఎవరైనా? ఊళ్ళో ఏమనుకుంటారు?" అంది, అదేదో నాకు పుట్టుకతోనే తెలిసుండాల్సిన విషయమైనట్టు.

అంటే ఇన్నాళ్ళూ కాజాలతో పాటు గెలుపు కూడా ప్లేటులో పెట్టి ఇచ్చారన్నమాట! కోపం సంగతలా ఉంచితే, నిజంగా బాధేసింది. పాస్టరు గారిని ఇరకాటంలో పెట్టేటప్పుడు మావగారి కళ్ళల్లో ఓ కొంటెతనం కనిపించేది. నా ఎదుట కూర్చోగానే అది మాయమైపోయి, వడ్డన చేసే మనిషి అయిపోయేవారు. ఆ కొంటె మనిషి ఒక్కసారి నాతో ఆడాలి. చిత్తుగా ఓడిస్తే ఓడించనీ. నాకు అదొక్కటే కావాలి.

ముఖాముఖీ అడిగేశాను కూడా. "మావయ్యగారూ, ఈసారి నిజం ఆట ఆడండి."

"ఎంత మాటండీ అల్లుడుగారూ! మీ ఆట ముందు మాదెంతండీ!" అని చేతులు జోడించి, అంతకుముందు కన్నా తొందరగా ఓడిపోయారు.

రాజమండ్రి తిరిగొచ్చాక కుతకుతలాడిపోతూ ఆలోచించాను. కావాలని ఓడిపోవడానికి ఆట బాగా తెలిసుండాలి. కాబట్టి ఎలా ఓడిపోవాలో ఆయనకి అంతుపట్టని ఆట పట్టుకోవాలి. యూట్యూబులో వెతికితే దొరికింది: అంతస్తుల చదరంగం. అందులో రకాలున్నాయి. మామూలు బోర్డులే మూడు ఒకదాని మీదొకటి పేర్చి ఆడేది ఒకటి. నేను ఎంచుకున్నది ఐదంతస్తులది, ఒక్కో అంతస్తుకి ఐదు వరసలు, వరసకి ఐదు గళ్ళు. తెల్ల పావులు కింది రెండంతస్తుల్లో, నల్లవి పై రెండంతస్తుల్లో కాపురముంటాయి. మధ్యది ఖాళీ.

నేమ్‌బోర్డులు చేసే షాపులో అక్రిలిక్ షీట్లు కోయించి, మూలలకి బోల్టులు బిగించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పాలకొల్లు తీసుకెళ్ళాను. అరుగు మీద దించగానే అత్తగారు బయటికొచ్చి, "ఇదేంటండీ, చెప్పుల స్టాండా?" అన్నారు.

మావగారికి నల్లవి ఇచ్చి నడకలు చెప్పాను. ఏనుగు తిన్నగా పోతుంది, అలాగే లిఫ్టులా పైకీ కిందకీ కూడా. శకటు ఏటవాలుగా మెట్లెక్కుతుంది. నా బంట్లు ముందుకో పైకో కదులుతాయి, ఆయనవి ముందుకో కిందకో దిగుతాయి. కొత్తగా ఒంటికొమ్ము గుర్రం అని ఒకటుంది. అది గది మూల నుంచి ఎదుటి పైమూలకి దూసుకుపోయినట్టు, ప్రతి అడుగుకీ అంతస్తు మారుతూ పోతుంది. అలాంటివి చెరి రెండు. వాటికి నేను టూత్‌పేస్టు మూతలు పెట్టాను.

"బావుందండీ, బావుందండీ," అని తల ఊపారు గానీ మొహంలో కంగారు స్పష్టంగా కనిపిస్తోంది. ఎలా ఓడాలా అని చూస్తున్నారు. నాకు లోపల ఒకటే నవ్వు.

కాసేపటికి ఆయనకి దారి దొరికినట్టుంది. తన శకటుని ఏటవాలుగా జరిపి తిన్నగా నా ఏనుగు నోటికి అందించి, "అయ్యో, చూసుకోలేదండీ!" అన్నారు. నేను ఏనుగు మీద చెయ్యేసి ఆగిపోయాను. శకటు తప్పుకోగానే దాని వెనకున్న టూత్‌పేస్టు మూతకి నా రాజు దాకా దారి తెరుచుకుంది. రాజు చుట్టూ నా పావులే కిక్కిరిసి ఉన్నాయి. కదలడానికి చోటు లేదు, అడ్డం పెట్టడానికి ఏ పావూ అందదు.

"ఆట కట్టు, మావయ్యగారూ. మీరు గెలిచారు."

ఆయన మొహం పాలిపోయింది. "ఛ ఛ, లేదండీ! ఎక్కడో దారుంటుంది, చూడండీ," అంటూ వంగి, కళ్ళజోడు సరిచేసుకుని, నా రాజుని తప్పించడానికి అంతస్తు అంతస్తూ వెతికారు. మధ్య అంతస్తు దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. టూత్‌పేస్టు మూత వచ్చిన దారిని వేలితో మూల నుంచి మూలకి రెండుసార్లు గీశారు. "ఓర్నీ!" అన్నారు, నన్ను కాదు, మూతని.

తర్వాత ఆయనే పావులు పేర్చారు. ఈసారి నాకు ఏదీ అందించలేదు. మూత ఒకదాన్ని నా పెరట్లోకి దించారు, బంటుతో నా శకటుని నొక్కేశారు. తొందరపడి ఏనుగుని పైకి లేపి ఓ గడిలో పెట్టాను. పెట్టిన మరుక్షణం పొరపాటు తెలిసి వెనక్కి తియ్యబోతుంటే, మావగారు ఠక్కున నా మణికట్టు పట్టుకున్నారు.

"ముట్టుకుంటే వేసెయ్యడమే. వదిలెయ్."

అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "ఏవండీ, అల్లుడుగారికి వడ్డించేశాను," అన్నారు.

"ఉండవే బాబూ! చల్లారితే మళ్ళీ వేడి చేద్దువుగాని," అన్నారు ఆయన బోర్డు మీంచి కళ్ళెత్తకుండా. ఆ ఇంట్లో నా కంచం చల్లారడం అదే మొదలు.

నా రాజుని కింది అంతస్తు మూలకి తరిమి తరిమి కట్టేశారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. లేచి దణ్ణం పెట్టబోయాను. ఆయన మాత్రం నా ఏనుగుని చేతిలోకి తీసుకుని, ఎన్నాళ్ళగానో దాచుకున్న మాట కక్కేసినట్టు, కళ్ళు చికిలించి నవ్వుతూ అన్నారు.

"ఏం ఆటయ్యా ఇది! ఇన్నేళ్ళూ నీ చేతిలో ఓడిపోవడానికి నేనెంత చచ్చానో నీకేం తెలుసు!"

నేను అన్నానికి లేవలేదు. పళ్ళు నూరుకుంటూ మళ్ళీ పావులు పేర్చాను.