అక్క పెట్టించిన ఫొటో

కువైట్‌లోని ఖైతాన్‌లో టైలరింగ్ షాపు పెట్టిన కడప అక్క, ఏ బట్టనైనా ముందు తిరగేసి లోపలి కుట్టు చూసేది. నెలైనా షాపుకు ఎవరూ రాలేదు. మళ్లీ ఇళ్లల్లో పనికి పోవాల్సి వస్తుందేమోనన్న భయంతో నన్ను వెబ్‌పేజీ చేసిపెట్టమంది. నేను నెట్‌లో దొరికిన మోడళ్ల ఫొటోలు డజను పెట్టాను. పేజీ ఎంతసేపటికీ తెరుచుకోలేదు. చివరికి తెరుచుకున్నాక అక్క మొహం చిట్లించింది.

"వీళ్లెవురు నాయనా? ఈ రవికలు నేను కుట్టలేదే! తీసెయ్."

తను కుట్టిన పట్టు రవికను తిరగేసి కిటికీ వెలుగులో పరిచింది. కుట్లు కనబడేంత దగ్గరగా ఫొటో తీసి, సైజు తగ్గించి, ఆ ఒక్కటే పెట్టాను. పేజీ ఇట్టే తెరుచుకుంది.

వారం తిరక్కుండానే ఫింటాస్ నుంచి ఒకావిడ పెళ్లిబట్టల మూటతో వచ్చి, ఫోన్‌లో ఆ ఫొటో చూపించి అడిగింది.

"ఇది కుట్టిందెవరండీ?"

"నేనే!" అంది అక్క, వీధంతా వినబడేలా.