సోడా వేసే వేళ

ఆదోనిలో మా పత్తి జిన్నింగ్ మిల్లు చేతులు మారాక, ఎమ్మిగనూరులో నూలుకు రంగు వేసే షెడ్డు పెట్టుకున్నాను. బంధువులు దాన్ని దిగజారడం అన్నారు. డిగ్రీలో చదివిన రసాయనశాస్త్రంతో, చేతులకు రంగంటించుకుని బతకడం దిగజారడమైతే, ఆ మెట్టు మీద కూడా నేను నిటారుగానే నిలబడ్డాను.

మాకు పనంతా దాదాపు ఒకే చీరల వ్యాపారి ఇచ్చేవాడు. మగ్గాలున్న ఇళ్లకు నూలిచ్చి నేయించుకునేవాడు. అతను మానుకుంటే షెడ్డు మూయవలసిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఒక పొద్దున మెరూన్ రంగుకని రెండు మూటల నూలు చిలపలు, అంటే పోగుల కట్టలు, తెచ్చాడు. ఒక మూట తొట్టిలో దించి, ఉప్పు వేసి, కర్రలకు వేలాడే చిలపలను తిప్పుతున్నాను. అతను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏం సేస్తాండావక్కా ఇంతసేపు? ఆ సోడా గూడా ఇప్పుడే ఏసేసి మంట పెంచు. మగ్గాలోళ్లు కాసుకోనుండారు."

"రంగు ఇంకా పోగులోకి దిగలేదప్పా."

"పైన ఎర్రగుంది కదా! లోపల ఎవురు సూస్తారు?"

ఉప్పు రంగును నీళ్లలోంచి నూలు వైపు నెడుతుంది. తర్వాత అది పోగు లోపలికి దిగాలి. ఆఖరున చాకలి సోడా పడితే నూలుతో గట్టిగా కలిసిపోతుంది. ఇందులో నిదానమైనది నడిమి మెట్టు. మొత్తం పని వేగం దాని చేతిలోనే ఉంటుంది. మా మిల్లు గేటు దగ్గర బండ్లు తూచే కాటా ఒకటే ఉండేది. లోపల యంత్రాలు ఎంత జోరుగా తిరిగినా, పత్తి బండ్లు ఆ కాటా దాటి రావలసిందే. మంట పెంచితే అణువులు జోరుగా ఢీకొని చర్య తొందరగా జరుగుతుంది, నిజమే. కానీ సోడా పడ్డాక రంగు నూలుతోనే కాదు, నీళ్లతోనూ రసాయనికంగా కలుస్తుంది. నీళ్లతో కలిసిన రంగు ఇక నూలును పట్టదు. వేడి ఆ పాడు దారిని కూడా తొందరపెడుతుంది.

ఇదంతా చెబితే వినే మనిషి కాడు. రెండో మూటలోంచి ఒక చిలప తీసి ఇనప బకెట్లో వేసి, అతను చెప్పినట్టే రంగు, ఉప్పు, సోడా అన్నీ ఒకేసారి కలిపి, పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి తీసి సబ్బు నీళ్లలో జాడించాను. నీళ్లు ఎర్రబడ్డాయి, మళ్లీ మార్చినా ఎర్రబడ్డాయి. పోగు పురి విప్పి చూపించాను. నడుమ తెల్లగా ఉంది.

అతను పోగును వెలుగుకు పట్టి చూశాడు. అర్థమైంది. అయినా నవ్వాడు.

"అంగట్లో మడత మీద అమ్మేదానికి ఇది సాలక్కా. ఎవురైనా ఉతికి కొంటారా? మిగిలిందంతా ఇట్లే సెయ్."

"సెయ్యను. కొన్నామె మొదటి ఉతుకుకే తిట్టేది నిన్ను కాదు, నేసినోళ్లను, రంగేసినోళ్లను."

"మిల్లు పోయినా మిడిసిపాటు పోలేదే నీకు!"

"మిల్లును బ్యాంకోళ్లు జప్తు సేసినారు. మిడిసిపాటు వాళ్లకు దొరకలేదప్పా."

"అయితే నాకు వేరే షెడ్డు లేకపోలేదు."

"ఉంది. పో."

రెండో మూటను నేనే ఆటోలోకి ఎత్తించాను. అతను సీట్లో కూర్చుని ఇంకా చూస్తున్నాడు, నేను వెనక్కి పిలుస్తానేమోనని. తొట్టిలో ఉన్న నూలు సాయంత్రానికి ఆరుతుందని, వచ్చి తీసుకుపొమ్మని మాత్రం చెప్పాను. ఆటో కదిలింది. రేపు పొయ్యి వెలిగించడానికి పని ఉంటుందో లేదో తెలియదు. వేడుకోవాలని మాత్రం అనిపించలేదు.

లోపలికి వచ్చి ఒక పోగు పురి విప్పాను. నడుమ దాకా ఎర్రగా ఉంది. అప్పుడు చిలపలను పైకెత్తి, నీళ్లలో కరిగించి ఉంచిన సోడాను కొంచెం కొంచెంగా పోయడం మొదలుపెట్టాను.