చేను ముచ్చటకు కొత్త సర్వర్

జనగామలోని ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉపేందర్‌కు జీతం రాని పని ఇంకొకటి ఉండేది. ‘చేను ముచ్చట’ అనే వెబ్‌సైట్‌ను అతనే నడిపేవాడు. తెగులు పట్టిన ఆకు ఫోటో పెట్టి ఒక రైతు అడిగితే, తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. ఆ జవాబు తప్పని ఇంకొకరు వాదిస్తారు. అలా పేరుకున్న మాటలన్నీ, ఎవరు ఎప్పుడు వెతికినా దొరికేలా అక్కడే ఉంటాయి. నర్సింహులపేటలో బావమరిది నగేశ్ మిరప చేను ముడతపడి పాడవుతుంటే ఎవరిని అడగాలో తోచక, చాలా ఏళ్ల కిందట మొదలుపెట్టిన సైట్ అది. చూస్తుండగానే మహబూబాబాద్ నుంచి మహదేవపూర్ దాకా వేలమంది అందులో చేరారు.

ఉపేందర్ మాట తక్కువ మనిషి. పెళ్లికి వెళ్తే ఒక మూల కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. సైట్ సంగతి వస్తే మాత్రం ఎదుటివాళ్లు వింటున్నారో లేదో కూడా చూసుకోడు. అవన్నీ ఓపికగా వినేది భార్య సంధ్య ఒక్కతే. దవాఖానలో నర్సుగా డ్యూటీ ముగించుకుని వచ్చి, కూరగాయలు తరుగుతూ ఊఁ కొడుతుండేది.

ఒక చలికాలం మిరప చేలమీద నల్ల తామర పురుగు పడింది. పూత మొత్తం రాలిపోతోంది. చేల నుంచి ఇళ్లకు చేరగానే రైతులంతా ఒక్కసారే సైట్ తెరిచేవాళ్లు. అది కాస్తా మొరాయించేది. ఫోన్ తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది. అందరి రాతలనూ దాచిపెట్టి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే డేటాబేస్ ఒక పాత అద్దె మెషీన్‌లో ఉండేది. అంతమంది తాకిడికి అది తట్టుకోలేకపోయింది.

నగేశ్ కూడా ఒక సాయంత్రం అట్లాగే ఎదురుచూసి, విసుగొచ్చి, షాపువాడు చేతిలో పెట్టిన మందు తెచ్చి కొట్టాడు. పురుగు చావలేదు సరికదా, మిగిలిన పూత కూడా రాలింది. అదే పురుగు గురించి, ఆ మందు కొట్టొద్దని సైట్‌లో ఎవరో అంతకు ముందే రాసిపెట్టి ఉన్నారు. ఈ సంగతి నగేశ్ ఫోన్‌లో చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు.

“నీ తప్పేంలేదు బావా. తెరుచుకోలే, గంతే,” అన్నాడు.

ఆ మాట ఉపేందర్‌ను చాలాకాలం వదల్లేదు.

ఎండాకాలంలో సభ్యులకు విషయం చెప్పి, డేటాబేస్ కోసమే విడిగా ఒక మంచి సర్వర్ కొందామని రాశాడు. తలా కొంత వేశారు. హైదరాబాద్‌లో సర్వర్లు అమ్మే షాపుకు వెళ్లాడు. అక్కడ ఒక వాడిన మెషీన్ చూసి మనసు పారేసుకున్నాడు. లెక్కలు చేసే ప్రాసెసర్లు రెండు, ఒక్కోదానిలో ఒకేసారి పనిచేసే కోర్లు లెక్కలేనన్ని. ఆన్ చేస్తే ఫ్యాన్లు విమానం లేచినట్టు మోగాయి. దాని వేగం గురించి ఇంట్లో వారమంతా చెబుతూనే ఉన్నాడు.

“అంత పని ఉన్నదా నీ సైట్‌ల?” అని సంధ్య మామూలుగా అడిగింది.

ఉన్నదనే అన్నాడు గానీ, ఉన్నదో లేదో తాను చూడనేలేదని అతనికి అప్పుడే తట్టింది. వివేక్‌కు ఫోన్ చేశాడు. వివేక్ ఒకప్పుడు ఆ ల్యాబ్‌లోనే చదువుకున్నవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పెద్ద పెద్ద డేటాబేస్‌లు చూస్తున్నాడు. ఆదివారం వచ్చాడు. కొత్త మెషీన్ ముచ్చట పక్కనబెట్టి, ముందు పాతది ఎక్కడ తన్నుకుంటోందో చూద్దామన్నాడు. రద్దీ మొదలయ్యే వేళదాకా ఆగి, ఇద్దరూ తెరముందు కూర్చున్నారు. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది. డిస్కుకు మాత్రం ఊపిరాడటం లేదు.

“చూడన్నా,” అన్నాడు వివేక్. “హమాలీలు నిలబడే ఉన్నరు. లారీనే రాలే. ఇంకా హమాలీలను తెస్తె ఏం ఫాయిదా?”

రాతలను చేతికందేలా ఉంచుకునే ర్యామ్ తక్కువ కావడంతో, అడిగిన ప్రతి పాత రాతనూ మెషీన్ డిస్కు మీదికి పోయి తవ్వుకుని రావలసి వస్తోంది. ఆ తవ్వకమే ఆలస్యం. ఇది విన్నాక, షాపులో చూసిన ఆ మెషీన్ మోత ఉపేందర్ మనసులోంచి నెమ్మదిగా తగ్గిపోయింది. కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

వివేక్ ఒక ఉపాయం చెప్పాడు. ఏళ్ల కిందటి రాతలను తీసి పక్కన దాచేస్తే డేటాబేస్ సగానికి సగం తగ్గుతుంది. ఇక కొత్త సర్వర్ అక్కర్లేకపోవచ్చు. పాతవి ఎవరు చదువుతారు? ఉపేందర్‌కు సబబుగానే తోచింది. ఇద్దరూ కలిసి ఆ పని చేశారు. సైట్ చటుక్కున తెరుచుకోవడం మొదలైంది. సభ్యులు మెచ్చుకుంటూ రాశారు. వసూలైన డబ్బు ఎవరిది వాళ్లకు తిప్పి పంపేద్దామని కూడా ఉపేందర్ అనుకున్నాడు.

వానాకాలం వచ్చింది. గోదావరి పొంగి మహదేవపూర్ వైపు పొలాల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీసిన కొద్దిరోజులకు ఒక ఫోన్ వచ్చింది. మాట్లాడింది చంద్రమ్మ. సోమనర్సయ్య భార్యనని చెప్పింది.

సోమనర్సయ్య పేరు ఉపేందర్‌కు బాగా తెలుసు. మొదటి నుంచీ సైట్‌లో ఉన్న రైతు. ఎవరేమడిగినా, తన పొలంలో తాను చేసిందేమిటో మాత్రమే రాసేవాడు. తెలియనిది తెలియదనేవాడు. ఏడాది కిందట గుండెపోటుతో పోయాడు. ఆయనా ఉపేందరూ ఎన్నడూ కలుసుకోలేదు.

ఆయన రాసినవి ఎంత వెతికినా కనిపించడంలేదని చంద్రమ్మ చెప్పింది. ఫోన్‌లో సిగ్నల్ తెగిపోతూ ఉంది. ఏవి కావాలో పూర్తిగా అర్థం కాలేదు. ఆదివారం పొద్దున్నే ఉపేందర్ బస్సెక్కి, భూపాలపల్లిలో ఒకటి మారి, కాటారంలో ఇంకొకటి మారి ఆ ఊరు చేరాడు. అంత దూరం ఎందుకని సంధ్య అడగలేదు. టిఫిన్ డబ్బా కట్టిచ్చింది.

దారికి అటూ ఇటూ పొలాల్లో వరి కుళ్లిన వాసన. చంద్రమ్మ గడప ముందు కూర్చుని ఉంది. కోడలు విజయ చాయ్ తెచ్చి ఇచ్చింది. మామ రాసినవి అత్తకు చదివి వినిపించేది తానేనని, కొన్నాళ్లుగా ఆ పేజీలు తెరుచుకోవడంలేదని చెప్పింది.

భర్త గుర్తుగా చూసుకోవాలని అడుగుతోందేమోనని ఉపేందర్ దారంతా అనుకుంటూ వచ్చాడు. చంద్రమ్మకు కావలసింది వేరు.

“నారంత కుళ్లింది బిడ్డా. మళ్ల నారు పోసే అదును లేదు. వెనకట గిట్లనే గోదారి ఎక్కినప్పుడు ఆయన ఏందో జేసి పండిచ్చిండు. ఏం జేసిండో నాకు పురాగ యాదికొస్తలేదు. నాతోని మాట్లాడుడే తక్కువ. ఏది జేసినా గా ఫోన్లనే రాసుకునేటోడు.”

ఉపేందర్ ఫోన్ తీశాడు. సిగ్నల్ కోసం ఇంటి వెనక దిబ్బ ఎక్కాడు. పక్కన దాచిన రాతలు చూసే వీలు అతనికి ఒక్కడికే ఉంది. పాత వరద గురించి సోమనర్సయ్య రాసింది దొరికింది. కిందికి వచ్చి, చంద్రమ్మ పక్కన కూర్చుని పైకి చదివాడు.

“నీళ్లు తీసినంక కుళ్లిన నారును నాటే ఆశ పెట్టుకోలే. తక్కువ దినాల రకం వడ్లు తెచ్చి, మొలక కట్టి, దమ్ము జేసిన బురదల సల్లిన. మా ఇంటామె వద్దన్నది. వద్దన్నా సల్లిన. పంట తక్కువొచ్చింది గని వచ్చింది.”



“వద్దన్న మాట నిజమే,” అంది చంద్రమ్మ. మొహంలో చిన్న నవ్వు. ఇంకోసారి చదవమంది. చదివాడు. ఏ రకం వడ్లో ఆ కింద జవాబుల్లో ఉంది, అదీ చదివాడు. రేపే తెప్పిద్దామని ఆమె విజయకు చెప్పింది. అన్నం తినిపోవాలని పట్టుబట్టి, పప్పూ ఎండు చేపల పులుసూ పెట్టింది.

జనగామ చేరాక ఉపేందర్ చేసిన మొదటి పని, ఏయే పేజీలు ఎంతమంది చదువుతున్నారో వెనక్కి వెళ్లి చూడటం. ముందే చూడవలసిన సంగతి అది. ప్రతి సీజన్‌లోనూ రైతులు ఎక్కువగా వెతుకుతున్నవి పాత రాతలే. పురుగు తిరిగి వస్తుంది, వరద తిరిగి వస్తుంది. వాళ్లకు కావలసింది కిందటిసారి ఎవరేం చేశారన్నది. దాచినవన్నీ తిరిగి పెట్టేశాడు. సైట్ మళ్లీ మందగించింది.

ఉపేందర్ చెప్పిందంతా వివేక్ ఫోన్‌లో విన్నాడు. తన ఆఫీసులో జనం ఇవాళ్టివే చూస్తారని, ఇక్కడా అంతేననుకున్నానని ఒప్పుకున్నాడు. సర్వర్ ఎట్లా ఉండాలో ఇద్దరూ కొత్తగా ఆలోచించారు. ప్రాసెసర్ ఒకటి చాలు. ర్యామ్ మాత్రం పాతా కొత్తా రాతలు మొత్తం అందులోనే పట్టేటంత ఉండాలి, ఎవరు ఏది అడిగినా డిస్కు దాకా పోయే పని పడకుండా. డిస్కుల దగ్గర ఉపేందర్ మామూలువి చాలన్నాడు. వివేక్ ఒప్పుకోలేదు. రాస్తుండగా కరెంటు పోయినా అక్షరం పోగొట్టని రకమే తీసుకోవాలని, అవీ రెండు ఉండాలని, రెండింటిలోనూ అదే రాత పడుతుండాలని అన్నాడు.

“మెషీన్ మళ్ల కొనొచ్చన్నా. రాసినోళ్లు మళ్ల రాస్తరా?”

ఉపేందర్ సరేనన్నాడు. షాపుకు వెళ్లి, ఆ మోత మెషీన్ వైపు చూడకుండా, చిన్నదొకటి కావలసినట్టు కట్టించుకున్నాడు. హైదరాబాద్‌లోనే, అద్దె కట్టి సర్వర్లను ఉంచుకునే చోట దాన్ని పెట్టారు. ఒక మధ్యాహ్నం సైట్ ఆపి, డేటాబేస్‌ను అందులోకి మార్చారు. సాయంత్రం రద్దీ వచ్చింది, పోయింది. సైట్ తెరుచుకోలేదని ఎవరూ రాయలేదు. ఎవరూ ఏమీ అనకపోవడమే అతనికి చాలా సంతోషమనిపించింది.

చలికాలంలో తామర పురుగు మళ్లీ వచ్చింది. నగేశ్ సైట్ చూసే మందు కొట్టాడు. కొంత పూత నిలబడింది. మంచి రద్దీలో ఉండగా రెండు డిస్కుల్లో ఒకటి చచ్చిపోయింది. మెషీన్ రెండోదానితో నడుస్తూనే ఉపేందర్‌కు కబురు పంపింది. మర్నాడు రైల్లో హైదరాబాద్ వెళ్లి కొత్త డిస్కు బిగించాడు. మంచి డిస్కు నుంచి కొత్తదానిలోకి రాతలన్నీ నెమ్మదిగా నిండుతున్నాయి. ఆ చల్లటి గదిలో నిలబడి ఫోన్‌లో సైట్ తెరిచాడు. వెంటనే తెరుచుకుంది. ఎవరో పత్తి కాయలో గులాబీ పురుగు గురించి అడిగారు, అప్పటికే ముగ్గురు జవాబు రాశారు, నాలుగోవాడు ముగ్గురితోనూ వాదిస్తున్నాడు. పత్తి గురించి ఉపేందర్‌కు ఏమీ తెలియదు. అయినా చివరిదాకా చదివాడు.

ఈలోగా సంధ్య ఫోన్ చేసి, ఏమైందని అడిగింది.

“ఏం కాలే,” అన్నాడు. “సాయంత్రం బండికి వస్తున్న.”